గీయని గీత, తప్పని జైలు: మత్స్యలేశం నుంచి మలీర్ దాకా

ఎచ్చెర్ల మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న డి.మత్స్యలేశం, బడివానిపేట లాంటి ఊళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా కరాచీ ఎక్కడుందో చెబుతారు. బళ్లో చదివి కాదు. నాన్నో, మేనమామో, పక్కింటి బావో అక్కడి జైలు కూడు తిని వచ్చారు కాబట్టి.

ఆ తీరంలో ఒకరింట్లో గోడకి, క్యాలెండర్ పక్కనే, మేకుకి వేలాడుతున్న పూసల అల్లికొకటి చూశాను. నీలం పూసలూ తెల్ల పూసలూ దగ్గర దగ్గరగా కూర్చి, అంచుకి ఎర్ర పూసల వరస. సంతలో కొన్నదనుకున్నాను. "మలీర్ జైల్లో అల్లినాడు బాబూ, నాకోసమని. అక్కడ పనేటుంటది, రోజంతా కూకోడమే గదా" అంది ఆ ఇంటామె. మలీర్ అంటే కరాచీ శివార్లలోని జిల్లా జైలు. పాకిస్థాన్‌కి చిక్కిన మన మత్స్యకారుల్ని ఎక్కువగా ఉంచేది అక్కడే. అక్కడ పూసల పని నేర్చుకుని నాలుగు డబ్బులు సంపాదించుకునే వాళ్లున్నారు. వల అల్లే వేళ్లకి పూసలు కూర్చడం కష్టమేం కాదు.

2018 నవంబరు ఆఖరి రోజుల్లో గుజరాత్ తీరం అవతల వేటలో ఉన్న మనవాళ్లని పాకిస్థాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ పట్టుకుపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే ఎక్కువ. పదమూడు నెలల తర్వాత, 2020 జనవరి 6న, వాళ్లలో 20 మంది వాఘా గేటు దాటి ఇవతలికి నడిచొచ్చారు. అప్పట్లో పేపర్లూ టీవీలూ విడుదల గురించి బాగానే రాశాయి, చూపించాయి. కానీ అసలు ఎందుకు పట్టుకున్నారు, పదమూడు నెలలు ఎందుకు పట్టింది, ఆ పదమూడో నెలలోనే ఎందుకు వదిలారు అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ మూడు ప్రశ్నల ముడి విప్పితే భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఏం నడుస్తోందో చాలా వరకు అర్థమవుతుంది.

బంగాళాఖాతం వదిలి అరేబియాకి

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద మరపడవ వచ్చి ఆగడానికి హార్బర్ మాత్రం లేకపోయింది. ఇసుక మీంచి ఫైబర్ తెప్పని నలుగురూ పట్టి అలల్లోకి నెట్టాలి, తెల్లారగట్ల వెళ్లి పొద్దెక్కేసరికి తిరిగి రావాలి. ఆ వేటతో ఏడాది పొడుగునా ఇల్లు గడవదు. అందుకే వానాకాలం వేట నిషేధం ముగిసి గుజరాత్‌లో పడవలు కదిలే వేళకి మనవాళ్లు జట్లు కట్టి, అడ్వాన్సులు పుచ్చుకుని, ఆమదాలవలసలో రైలెక్కుతారు. వీరావల్లో గుజరాతీ యజమానుల మరపడవలు ఉంటాయి. పడవకి ఒక తండేలు, అంటే పడవ పెద్ద, ఆయన కింద ఆరేడుగురు కళాసీలు. ఒకసారి దిగితే పదిహేను, ఇరవై రోజులు నీళ్ల మీదే. మళ్లీ ఇల్లు చూసేది ఎండలు ముదిరాకనే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల వీరావల్లో చిక్కుకున్న మన మత్స్యకారులు నాలుగు వేలకు పైనే. వాళ్లకోసం బస్సులు పంపాల్సి వచ్చినప్పుడు గానీ ఈ వలస ఎంత పెద్దదో మిగతా రాష్ట్రానికి తెలియలేదు.

వీరావల్ నుంచి పడవలు వాయవ్యంగా, కచ్ వైపు ఎందుకు పోతాయంటే చేప అక్కడుంది కాబట్టి. సింధు నది సముద్రంలో కలిసే చోట ఒండ్రు, మడ అడవులు, ఉప్పూ తీపీ కలిసిన నీళ్లు. రొయ్య, చేప పెరగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. గుజరాత్ తీరానికి దగ్గర్లో వేలాది మరపడవలు గీకి గీకి వల వేస్తుంటే చేప తగ్గిపోయింది. నాలుగు రోజులు వల ఖాళీగా లేస్తే ఏ తండేలైనా ఇంకొంచెం పైకి పోదామనే చూస్తాడు. ఆ "ఇంకొంచెం" ఎక్కడ ఆగాలో తెలియడానికి అక్కడ గీత లేదు. జీపీఎస్‌లో కనిపించే గీత మన దేశం అనుకునే గీత. వాళ్ల గస్తీ పడవలో కనిపించేది వాళ్లు అనుకునే గీత.

కట్టెల తగువు

ఈ రెండు గీతలకీ మూలం సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల ఉప్పుటేరు. కచ్ రణ్‌లోని బురదలో గుజరాత్‌కీ, పాకిస్థాన్‌లోని సింధ్‌కీ మధ్య ఉంటుంది. మనుషులు నివాసముండే చోటు కాదు. తగువు ఎక్కడ మొదలైందో వింటే మన ఊళ్ల పంచాయితీలే గుర్తొస్తాయి. 1908లో ఆ ఏటి గట్టున పడున్న వంటచెరకు ఎవరిదని కచ్ సంస్థానానికీ సింధ్ అధికారులకూ పేచీ వచ్చింది. అప్పటికి సింధ్ బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. రెంటి మీదా పెద్దరికం ఇంగ్లీషు వాళ్లదే. 1914లో బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానం చేసి తగువు తీర్చానని అనుకుంది.

ఆ తీర్మానమే ఈనాటి ముడి. అందులో తొమ్మిదో పేరా చదివితే హద్దు ఏటికి తూర్పు ఒడ్డున ఉన్నట్టుంటుంది. అంటే ఏరంతా సింధ్‌ది. పదో పేరా చదివితే, ఏడాదిలో ఎక్కువ భాగం పడవలు తిరిగే ఏరు కాబట్టి హద్దు నీటి నడుమ ఉండాలన్నట్టుంటుంది. అంటే సగం సగం. పాకిస్థాన్ తొమ్మిదో పేరా, దానితోపాటు ఉన్న పటంలోని ఆకుపచ్చ గీత చూపిస్తుంది. మనం పదో పేరా, 1924లో పాతిన స్తంభాలు, 1925 నాటి పటం చూపిస్తాం. పడవలు తిరిగే ఏటిలో హద్దు లోతైన పాయ వెంట నడవాలన్నది అంతర్జాతీయ రివాజు, దాన్నీ చూపిస్తాం. అసలది పడవలు తిరిగే ఏరే కాదంటుంది పాకిస్థాన్. ఒకే కాగితం, ఒకే ప్రభుత్వం రాసింది. ఇద్దరు వారసులు చెరో పేరా పట్టుకుని కూర్చున్నారు.

మన సాలూరు వైపు వాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కొఠియా గ్రామాలు ఆంధ్రవా ఒడిశావా అన్నది 1936లో ఒడిశా విడిపోయినప్పటి నుంచీ తేలనే లేదు. ఒకే గుమ్మానికి రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులు వస్తాయి. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల మధ్యే పంచాయితీ ఇంతకాలం సాగితే, మధ్యలో సైన్యాలు నిలబడ్డ చోట ఎంత బిగుసుకుపోతుందో ఊహించుకోవచ్చు.

1965 ఏప్రిల్‌లో కచ్ రణ్‌లో రెండు సైన్యాలూ నిజంగానే తలపడ్డాయి. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యవర్తిత్వంతో ఆగాయి. స్వీడన్, యుగోస్లావియా, ఇరాన్ దేశాల నుంచి ఒక్కొక్కరు కూర్చున్న ట్రిబ్యునల్ 1968 ఫిబ్రవరి 19న తీర్పిచ్చింది. పోటీలో ఉన్న నేలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు మనకి, మిగిలిన ఒక వంతు పాకిస్థాన్‌కి. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇది మర్చిపోకూడని సంగతి. యుద్ధం దాకా పోయిన హద్దు తగువుని బయటివాళ్ల తీర్పుతో తీర్చుకుని, స్తంభాలు పాతుకుని, ఆ తీర్పుకి కట్టుబడి ఉన్న చరిత్ర ఈ రెండు దేశాలకీ ఉంది. కాకపోతే ఆ తీర్పు సర్ క్రీక్‌ని ముట్టుకోలేదు.

బురదలో కిలోమీటరో రెండు కిలోమీటర్లో తేడా వస్తే ఏమవుతుందని అనిపిస్తుంది. సముద్రం హద్దు ఆ ఏటి మూతి దగ్గరే మొదలవుతుంది. మొదలు కాస్త పక్కకి జరిగితే, 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల దూరం పోయేసరికి ఆ తేడా విసనకర్రలా విచ్చుకుంటుంది. వేల చదరపు కిలోమీటర్ల నీళ్లు, అందులోని చేప, అడుగున ఉందనుకునే చమురు, గ్యాస్ ఇటో అటో పోతాయి. పైగా ఏరు ఉన్నచోట ఉండదు. మన కళింగపట్నం దగ్గర వంశధార మూతి, ఇసుక మేటలు వేసి ఎలా మెసులుతుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సర్ క్రీక్ కూడా అలాగే జరుగుతోంది.

2007లో రెండు దేశాల సర్వేయర్లూ, నౌకాదళాల వాళ్లూ కలిసి ఆ ఏటినీ, దాని ముందున్న సముద్రాన్నీ కొలిచారు. అంటే ఇప్పుడు పటం మీద వాదన లేదు, కొలతల మీద వాదన లేదు. గీత ఎక్కడ గీయాలన్న ఒక్క మాట మీదే ఆగింది. సముద్రం వైపు నుంచి హద్దు గీసుకుంటూ వద్దాం, ఏటి సంగతి తర్వాత చూద్దామని మనం అన్నాం. ముందు ఏరు తేలాలని వాళ్లన్నారు. 2012 జూన్‌లో జరిగిన చర్చలే ఆఖరు. రెండు దేశాల మధ్య అన్నిటికంటే తేలిగ్గా తేలే తగువు ఇదేనని ఇరుపక్కలా దౌత్యవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. తేలికైనది కాబట్టే వెనక్కి పడిందని నాకనిపిస్తుంది. కశ్మీర్ గురించి ఏమీ కదలనప్పుడు, దీని మీద ఒక అడుగు వెనక్కి వేసి మాట పడటానికి ఏ ప్రభుత్వమూ సిద్ధంగా లేదు.

ఒకే చట్టం, రెండు జైళ్లు

గీత దాటితే జైలేనా? సముద్ర చట్టాలపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 73వ అధికరణం స్పష్టంగా ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశపు సొంత జలాలు. దాని అవతల 200 మైళ్ల దాకా చేపల మీదా, ఖనిజాల మీదా హక్కు ఉంటుంది. ఆ రెండో భాగంలో విదేశీ పడవ వేట చేస్తే జరిమానా వెయ్యొచ్చు, పడవని ఆపొచ్చు. కానీ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, చేపల నేరానికి జైలుశిక్ష వెయ్యకూడదు. భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో ఈ ఒడంబడికని ఆమోదించాయి.

మరి పదమూడు నెలల జైలు ఎలా పడింది? చేపల చట్టం పక్కన విదేశీయుల చట్టం కూడా పెడతారు. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చాడన్న నేరం. చేపకి జైలు కూడదు, చొరబాటుకి కూడదని ఎక్కడా లేదు. ఆ చట్టం పేరు విదేశీయుల చట్టం, 1946. దేశం రెండు కాక ముందు చేసింది. విభజన తర్వాత రెండు దేశాలూ దాన్నే ఉంచుకున్నాయి. కరాచీలో మన కళాసీ మీదా, గుజరాత్‌లో సింధీ జాలరి మీదా దశాబ్దాలు ఇదే పేరున్న చట్టం నడిచింది. మనం 2025లో గానీ దాన్ని మార్చుకోలేదు. 1860 నాటి శిక్షాస్మృతి కూడా అంతే. మనకి 2024 జూలై 1 దాకా అదే, వాళ్లకి ఇప్పటికీ అదే.

ఉమ్మడి వారసత్వం అనగానే సంగీతం, వంటలు, క్రికెట్ అంటుంటాం. మత్స్యలేశం వాళ్లకి తగిలిన వారసత్వం ఇది. 1947లో ఆస్తులు పంచుకున్నప్పుడు పాకిస్థాన్‌కి పదిహేడున్నర శాతం అన్న లెక్క కట్టి ఖజానా పంచారు, రైలు పెట్టెలు పంచారు, రెజిమెంట్లు విడదీశారు. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన వేల ఏళ్ల నాటి పూసల హారాన్ని కూడా రెండుగా తెంపి చెరి సగం తీసుకున్నారు. ఆ హారం సగం ఢిల్లీ మ్యూజియంలో ఉంది. ఎచ్చెర్ల ఇంట్లో మేకుకి వేలాడే నీలం పూసలు చూసినప్పటి నుంచి ఆ తెగిన హారం నా మనసులో తిరుగుతూనే ఉంది.

ఆ పదమూడు నెలల్లో

మనవాళ్లు పట్టుబడిన రోజుల్లోనే, 2018 నవంబరు 28న, పాకిస్థాన్ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ కర్తార్‌పూర్ కారిడార్‌కి శంకుస్థాపన చేశారు. మన వైపు పని రెండు రోజుల ముందే మొదలైంది. గురునానక్ చివరి రోజులు గడిపిన గురుద్వారాకి సిక్కు యాత్రికులు వీసా లేకుండా వెళ్లొచ్చే దారి అది. గాలి చల్లగా ఉన్న సమయం. తొందరగానే వదిలేస్తారని ఇక్కడ ఆశపడ్డారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కలెక్టరాఫీసుకీ, ఎంపీ దగ్గరికీ, పాదయాత్రగా వచ్చిన నాయకుల దగ్గరికీ అర్జీలు పట్టుకుని తిరిగారు.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 26న మన వాయుసేన బాలాకోట్ మీద దాడి చేసింది. మర్నాడు మన పైలట్ ఒకరు వాళ్లకి చిక్కి, మార్చి 1న వాఘా మీదుగా తిరిగొచ్చారు. దేశమంతా ఆ రాత్రి టీవీల ముందు కూర్చుంది. ఈ తీరంలోనూ కూర్చున్నారు, కాకపోతే వీళ్ల లెక్క వేరు. ఒకర్ని మూడు రోజుల్లో వదిలిన దారి తమవాళ్లకి ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూశారు. ఇందులో ఆ పైలట్ తప్పేమీ లేదు. యుద్ధఖైదీకి జెనీవా ఒడంబడిక అండ, వెనక ఒక దేశపు సైన్యం. కళాసీకి మిగిలింది కాగితమే.

ఏప్రిల్‌లో పాకిస్థాన్ సుహృద్భావం పేరుతో 360 మంది భారతీయ ఖైదీల్ని నాలుగు విడతలుగా వదిలింది. అందులో 355 మంది మత్స్యకారులే. యుద్ధం అంచుకి వెళ్లొచ్చాక ప్రపంచానికి చూపించడానికి వాళ్లకో మంచి పని కావాలి, అందుకు జాలరులు దొరికారు. ఆ విడతల్లో మనవాళ్ల పేర్లు లేవు.

ఆగస్టు 5న 370వ అధికరణం రద్దయింది. పాకిస్థాన్ మన హైకమిషనర్‌ని వెళ్లిపొమ్మంది, వ్యాపారం ఆపేసింది, సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. ఇక మాటల్లేవని అనుకున్నారు. అయినా నవంబరు 9న కర్తార్‌పూర్ దారి తెరుచుకుంది. రెండు నెలలకి 20 మంది వాఘా దాటారు.

ఈ వరస చూస్తే ఒకటి కనిపిస్తుంది. పడవ గీత దాటిందా లేదా అన్నది విడుదల తేదీని నిర్ణయించలేదు. శిక్ష ఎంత పడిందన్నదీ నిర్ణయించలేదు. ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల మధ్య ఏ నెలలో ఎలాంటి గాలి వీచిందన్నదే నిర్ణయించింది. పట్టుకోవడానికి చట్టం, వదలడానికి దౌత్యం. రెండో దానికి గడువు అంటూ లేదు.

జనవరి 1, జూలై 1

నిజానికి గడువు ఉంది, కాగితం మీద. 2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాని ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుబడ్డ మూడు నెలల్లోగా సొంత దేశపు హైకమిషన్ అధికారులు జైలుకొచ్చి కలిసే వీలు కల్పించాలి. శిక్ష పూర్తయి, ఫలానా దేశస్థుడేనని ఖాయమైన నెలలోపు ఇంటికి పంపాలి.

జాబితాలు తేదీ తప్పకుండా మారుతున్నాయి. 2025 జూలై 1 జాబితా ప్రకారం పాకిస్థాన్ జైళ్లలో భారతీయులుగా చెబుతున్న మత్స్యకారులు 193 మంది, మామూలు ఖైదీలు 53 మంది. మన జైళ్లలో అటువాళ్లు మత్స్యకారులు 81 మంది, మామూలు ఖైదీలు 382 మంది. 2014 నుంచి అప్పటిదాకా 2,661 మంది మన మత్స్యకారులు తిరిగొచ్చారని విదేశాంగ శాఖ చెప్పింది. ఈ అంకెలు చదివేటప్పుడు అవతలి 81 మందినీ తలుచుకోవాలి. కరాచీ దగ్గరి ఇబ్రహీం హైదరీ, ఠట్టా తీరాల వాళ్లు ఎక్కువ. వాళ్ల ఆడవాళ్లూ అర్జీలు పట్టుకుని తిరుగుతారు.

నెలలోపు పంపాలన్న నిబంధన మాత్రం నడవదు. "ఫలానా దేశస్థుడేనని ఖాయం కావడం" దగ్గరే కాలం గడిచిపోతుంది. హైకమిషన్ అధికారి జైల్లో మాట్లాడి రాసిన పేరూ ఊరూ ఢిల్లీ హోంశాఖకి వస్తాయి. అక్కడ్నుంచి రాష్ట్రానికి, జిల్లాకి, ఠాణాకి, ఊరికి. మళ్లీ అదే దారిన వెనక్కి. పడవ రిజిస్ట్రేషన్ గుజరాత్‌ది, మనిషి శ్రీకాకుళం వాడు, అక్కడ హిందీలో పలికిన ఇంటిపేరు ఇంగ్లీషులో ఒకలా రాస్తే ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఒక్క అక్షరం తేడాకి ఫైలు ఆగిందంటే ఒక ఇల్లు ఆగినట్టే.

ఈ ఆలస్యాలు చూడటానికే రెండు వైపులా రిటైరైన జడ్జిలతో 2007లో ఒక కమిటీ వేశారు. వాళ్లు జైళ్లకి వెళ్లి ఖైదీలతో మాట్లాడేవాళ్లు, ఎవర్ని ముందు వదలాలో సిఫారసు చేసేవాళ్లు. ఎంతో మేలు జరిగింది. 2013 అక్టోబరు తర్వాత ఆ కమిటీ జైళ్లకి వెళ్లనే లేదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. సరిహద్దు తీర్చమంటే కష్టం, కశ్మీర్ తేల్చమంటే కష్టం. నలుగురు పెద్దమనుషుల్ని జైలుకి పంపడానికి ఏ దేశపు గౌరవమూ తగ్గదు.

అయినా ఆ జనవరి 1కి ఒక విలువుంది. అదే రోజున ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేసుకోబోమన్న 1988 డిసెంబరు 31 నాటి ఒప్పందం ప్రకారం, 1992 నుంచి ఏటా తమ అణుకేంద్రాలు ఎక్కడున్నాయో ఒకరికొకరు రాసిచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాతా ఆగలేదు, పుల్వామా తర్వాతా ఆగలేదు. రెండు సైన్యాల ఆపరేషన్స్ అధిపతుల మధ్య హాట్‌లైన్ ఉంది. మన కోస్ట్‌గార్డుకీ వాళ్ల మారిటైమ్ ఏజెన్సీకీ 2005 నుంచి నేరుగా మాట్లాడుకునే లైన్ ఉంది. దౌత్యమంటే కరచాలనాల ఫొటోలని మనం అనుకుంటాం. పనిచేసే దౌత్యం ఇదిగో, ఈ కాగితాలూ ఫోన్లూ.

మన తీరానికి యుద్ధమంటే ఏమిటో తెలియక కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముందు మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లంతా పోయారు. నీటి మీద తేలిన చమురూ, శకలాలూ ముందుగా చూసి నేవీకి తెచ్చిచ్చింది మన జాలరులే.

2025 ఏం మార్చింది

ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మర్నాడు భారత్ సింధు జలాల ఒప్పందాన్ని నిలిపేసింది, వాఘాకి మన వైపున్న అట్టారీ చెక్‌పోస్టు మూసేసింది, హైకమిషన్ సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించింది. 1971 యుద్ధం తర్వాత చేసుకున్న సిమ్లా ఒప్పందాన్ని పక్కన పెట్టే హక్కు తమకుందని పాకిస్థాన్ ప్రకటించింది. మే 7న ఆపరేషన్ సిందూర్. మే 10 మధ్యాహ్నం ఆపరేషన్స్ అధిపతుల మధ్య ఫోన్ కాల్, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పుల ఆపివేత.

ఇందులో నీళ్ల ముక్క మీద ఒక్క క్షణం ఆగాలి. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందం అది. రావి, బియాస్, సట్లెజ్ మనకి, సింధు, జీలం, చీనాబ్ వాళ్లకి. మూడు యుద్ధాలు జరిగినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. విజయనగరం, బొబ్బిలి వాళ్లకి నీళ్ల పగ సంగతి చెప్పాలా? 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలడం వెనక పరువు పట్టింపులు ఎన్నో ఉన్నా, కాలువ నీళ్ల తగాదా కూడా ఉందని చరిత్రకారులు రాశారు. పక్కపక్క సంస్థానాలు. రెండు వంశాలూ ఒకే ఫౌజుదారు వెంట ఈ నేలకి వచ్చాయంటారు. మధ్యలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు వచ్చి నిలబడ్డాక పెద్దరికానికి ఎవరూ మిగల్లేదు. మూడు రోజులు తిరక్కముందే విజయనగరం రాజు విజయరామరాజు కూడా హతమయ్యాడు.

మళ్లీ మన పడవ దగ్గరికి వద్దాం. పహల్గాం మర్నాడు ఒక బీఎస్‌ఎఫ్ జవాను పంజాబ్ సరిహద్దులో పొరపాటున గీత దాటి వాళ్లకి చిక్కాడు. మధ్యలో యుద్ధమంత పని జరిగింది. మే 14న అదే అట్టారీ దగ్గర ఆయన్ని అప్పగించారు. మూసిన గేటే మనిషికోసం తెరుచుకుంది. జూలై 1న జాబితాలూ మారాయి. అన్నీ తెగిన ఏడాదిలో కూడా తెగని దారాలున్నాయంటే, వాటిని ఇంకాస్త బలంగా పేనుకోవచ్చు.

నా మట్టుకు నేను చూసే దారి ఇది. జాలరుల్ని మిగతా తగువులన్నిటి నుంచీ విడదీసి చూడాలి. ఆయుధాల్లేని చెక్కపడవ కనిపిస్తే వెనక్కి తిప్పి పంపాలి, మరీ లోపలికి వస్తే జరిమానా, పడవ మీద నోటీసు. జైలు వద్దు. 73వ అధికరణం అడిగేదీ అదే. ఇలా చేస్తే జాలరి వేషంలో ఎవడైనా వస్తే ఎలా అంటారు. న్యాయమైన ప్రశ్న. 2008లో ముంబై మీదికి వచ్చిన వాళ్లు మన చేపల పడవనే వాడుకున్నారు. అందుకే తనిఖీ ఉండాలి. తనిఖీకి గంటలు చాలు, పదమూడు నెలలు అక్కర్లేదు. గీత గీసేస్తే అంతా సర్దుకుంటుందనీ నేను చెప్పను. శ్రీలంకతో 1974లో, 1976లో గీతలు గీసుకున్నాం, తమిళ జాలరుల అరెస్టులు ఆగలేదు. చేప ఉన్నచోటికి పడవ పోతుంది.

కాబట్టి చేప ఇక్కడే పట్టుకునే వీలుండాలి. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బర్‌కి 2023లో శంకుస్థాపన జరిగింది. డి.మత్స్యలేశం కుర్రాడికి అది సైకిల్ మీద పోయేంత దూరం. మరపడవలు ఆగే జెట్టీ, ఐస్, వేలంపాక, డీజిల్ అక్కడ దొరికిన రోజున వీరావల్ రైలెక్కేవాళ్లు ఎంతమంది తగ్గుతారో లెక్క వేసుకోవచ్చు.

ఆ ఇంటామె పూసల అల్లికని మేకు మీంచి తీసి చేతిలో పెట్టింది. వెనకవైపు ముడులు మన వలల ముడులే, తండ్రి దగ్గర నేర్చుకున్నవి. ఆయన ఇంట్లో లేడు. ఎక్కడని అడిగితే చెయ్యి పడమటికి చూపించింది. "మళ్లీ ఎల్లినాడు బాబూ. అప్పు తీర్నేదు గదా."